సాటియైన సహాయము: అనుదిన వ్యవహారములో స్త్రీ పట్ల వివక్ష – కాపరి పరిచర్యకు సంబంధించిన ఒక పరిశీలన

స్త్రీ పురుషుల సమానత్వమునకు మన సంఘములలో ఇప్పుడు ఎవరూ బాహాటముగా ఎదురు చెప్పరు. స్త్రీల ఆదివారమున ఆదికాండము మొదటి అధ్యాయము చదివి, ఇద్దరూ దేవుని స్వరూపమందే సృజింపబడ్డారని బోధిస్తాము. ఆ రోజు స్త్రీల సమాజము వారు పాట పాడుతారు, ఒక సహోదరి సాక్ష్యము చెబుతుంది. ఆరాధన ముగిసిన తరువాత అందరికీ భోజనము వడ్డించేది కూడా ఆ స్త్రీలే. ఈ చివరి సంగతిని ఎవరూ గమనించరు. ఇటువంటి, ఎవరూ గమనించని సంగతులే ఈ వ్యాసమునకు విషయము.

చట్టము మారలేదని అనడానికి వీలులేదు. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించేటట్లు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము హిందూ ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన వాటా ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 వరకు పట్టింది. అదే 2005లో గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టము, 2013లో పనిచేసే చోట లైంగిక వేధింపులను నిరోధించే చట్టము వచ్చాయి.

క్రైస్తవులమైన మన సంగతి కూడా చెప్పుకోవాలి. 1869 నాటి విడాకుల చట్టము ప్రకారము భార్య వ్యభిచరించిందని రుజువైతే భర్తకు విడాకులు దొరికేవి. భర్త వ్యభిచరించాడని రుజువైనా భార్యకు అది చాలేది కాదు. దానితోపాటు క్రూరత్వమో, విడిచిపెట్టి పోవడమో మరొక నేరము కూడా ఆమె చూపించవలసి వచ్చేది. సామెతల గ్రంథము అసహ్యించుకొనే రెండు విధములైన తూనికరాళ్ళు (సామె. 20:10) మన వివాహ చట్టములోనే ఉండేవి. పార్లమెంటు వాటిని తీసివేసినది 2001లో, అనగా 132 ఏండ్ల తరువాత. సంఘ పరిపాలనలోనూ మార్పు వచ్చింది. దక్షిణ ఇండియా సంఘములో 1976 నుండి స్త్రీలు గురువులుగా అభిషేకము పొందుతున్నారు. 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత గారు నంద్యాల అధ్యక్షఖండమునకు బిషప్పుగా ప్రతిష్ఠింపబడ్డారు. ఆ సంఘములో బిషప్పు అయిన మొదటి స్త్రీ మన తెలుగు స్త్రీయే.

ఇంత జరిగినా, 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రెండు రాష్ట్రములను గూర్చి చెప్పిన మాట ఒకటి ఉన్నది. భర్త భార్యను కొట్టడము ఏయే సందర్భములలో న్యాయమని మీరు అనుకొంటారు అని 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలనే అడిగారు. ఏడు సందర్భములు చెప్పారు: చెప్పకుండా బయటికి వెళ్ళడము, ఇంటిని లేక పిల్లలను సరిగా చూడకపోవడము, ఎదురు చెప్పడము, పడకకు నిరాకరించడము, వంట సరిగా చేయకపోవడము, ఆమె మీద భర్తకు అనుమానము కలగడము, అత్తమామలను గౌరవించకపోవడము. వీటిలో కనీసము ఒక్క కారణముతోనైనా కొట్టవచ్చునని ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 83 శాతమునకు పైగా స్త్రీలు చెప్పారు. పురుషులలో ఆ మాట అన్నవారు అంతకంటె తక్కువే.

ఈ సంఖ్యను చూచి ‘చూడండి, ఆడవారికి ఆడవారే శత్రువులు’ అనడము చాలా సులువు. ఆ వాక్యము కూడా మనము పరిశీలించవలసిన వాడుకలలో ఒకటి. ఎవరైనా తనను కొట్టడము న్యాయమని పుట్టుకతో నమ్మరు. ఎవరో నేర్పితేనే నమ్ముతారు. దెబ్బతో నేర్పిన పాఠము మీద తిరుగుబాటు రావచ్చును. నవ్వుతో, ముద్దుతో, మెచ్చుకోలుతో, రోజుకు పదిసార్లు నేర్పిన పాఠము మీద తిరుగుబాటు రాదు.

రెండు ముఖములు

1996లో పీటర్ గ్లిక్, సూజన్ ఫిస్క్ అను ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ సంగతిని ఒక సిద్ధాంతముగా వివరించారు. వారి ప్రకారము స్త్రీ పట్ల వివక్షకు రెండు ముఖములు ఉన్నాయి. ఒకటి ద్వేషముతో కూడినది: ఆమె తక్కువది, మోసకత్తె, పైకి రానివ్వకూడదు అనేది. రెండవది ఆదరముతో కూడినది: ఆమె సుకుమారి, పవిత్రురాలు, ఇంటికి దీపము, కాబట్టి ఆమెను కాపాడాలి, ఆమె తరపున మనమే నిర్ణయించాలి అనేది. ఈ రెండూ ఒకదానికొకటి విరోధులని మనము అనుకొంటాము. తరువాత 19 దేశములలో వారూ వారి తోటి పరిశోధకులూ జరిపిన పరిశీలనలో, మొదటిది ఎక్కువగా ఉన్న దేశములలోనే రెండవది కూడా ఎక్కువగా కనబడింది. దీపముగా ఉన్నంతవరకు ఆదరణ దొరుకుతుంది, దీపము నోరు తెరిస్తే ద్వేషము దొరుకుతుంది.

సంఘములో మనకు ఎక్కువగా ఎదురయ్యేది ఈ రెండవ ముఖమే. మొదటిది పాపమని గుర్తుపట్టడము కష్టము కాదు. ప్రసంగ వేదిక మీదనుండి దానిని గద్దిస్తాము కూడా. రెండవది భక్తి దుస్తులు ధరించుకొని వస్తుంది. అందుచేత దానిని గుర్తించవలసిన బాధ్యత కాపరుల మీద ఎక్కువగా ఉన్నది.

మాతృభాషలో

చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణము వ్రాస్తూ నామములను మహత్తులని, అమహత్తులని విభజించాడు. పురుషులు మహత్తులు. స్త్రీలను గూర్చిన మాటలు ఏకవచనములో పశుపక్ష్యాదులతోనూ జడపదార్థములతోనూ కలిసి నడుస్తాయి, బహువచనములో మాత్రము మహత్తులతో చేరుతాయి. ఇది సూరి కల్పించినది కాదు. భాషలో ఉన్నదానినే ఆయన సూత్రీకరించాడు. వాడు వచ్చాడు. కాని ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. తమిళములోనూ కన్నడములోనూ స్త్రీకి వేరే క్రియారూపము ఉన్నది, మనకు లేదు.

దీనిమీద పెద్ద భవనము కట్టకూడదు. తమిళ, కన్నడ దేశములలో స్త్రీలు మనకంటె సుఖముగా ఉన్నారని ఎవరూ చెప్పలేరు. వ్యాకరణము కొరకు పశ్చాత్తాపపడడము కూడా సాధ్యము కాదు. మన చేతిలో ఉన్నది గౌరవ బహువచనము. ‘ఆవిడ వచ్చారు’ అన్నప్పుడు తెలుగు స్త్రీ వ్యాకరణరీత్యా మనుష్యుల గుంపులోనికి వస్తుంది. దానిని ఎవరికి ఇస్తున్నాము, ఎవరికి ఇవ్వడము లేదు అన్నదే ప్రశ్న. చాలా ఇండ్లలో భార్య ‘మావారు చెప్పారు’ అంటుంది, భర్త ‘మా ఆవిడ చెప్పింది’ అంటాడు. ఆమె ‘ఏమండీ, మీరు’ అంటుంది, అతడు ‘ఏమే, నువ్వు’ అంటాడు. ఇద్దరూ ఉపాధ్యాయులైనా, ఆమె జీతమే ఎక్కువైనా ఈ వాడుక మారదు. కొన్ని ప్రాంతములలో ఇద్దరూ నువ్వు అనుకోవడము ఉన్నది. అక్కడ ప్రేమ ఎక్కువ ఉంటుందని కాదు గాని, కనీసము పిల్లలు రెండు తూనికరాళ్ళు చూడకుండా పెరుగుతారు.

ఇక్కడ మన పరిశుద్ధ గ్రంథపు భాషను గూర్చి ఒక సంగతి గమనింపదగినది. తెలుగు బైబిలు గ్రాంథిక శైలిలో ఉన్నందున అతడు చెప్పెను, ఆమె చెప్పెను అని ఇద్దరికీ క్రియ ఒక్కటే. అబ్రాహాము వెళ్ళెను, హాగరు వెళ్ళెను. పాత భాష అని మనము కొంచెము విసుగుకొనే ఆ ‘ఎను’ అందరినీ సమానముగా నిలబెడుతుంది. ఆ కథను మనము వాడుక భాషలో తిరిగి చెప్పేటప్పుడు తేడా వస్తుంది. ‘పౌలు గారు పత్రిక వ్రాశారు, ఫీబే తీసుకొని వెళ్ళింది’ అంటాము. వచనములో లేని ‘గారు’ను పౌలుకు చేర్చినది మనమే, ఫీబేకు చేర్చనిది కూడా మనమే. రాబోవు ఆదివారము ఎవరి ప్రసంగమునైనా ఈ ఒక్క దృష్టితో వినండి. పేతురు గారు, యోబు గారు, దావీదు గారు చాలామంది వినబడుతారు. దెబోరా గారు, హుల్దా గారు వినబడడము అరుదు.

ఇక సామెతలు, నానుడులు. ‘గాజులు తొడుక్కొని కూర్చున్నావా’ అని చేతకాని మగవానిని తిడతారు. గాజులు తొడుక్కొన్న చేతులే ఆ ఊరిలో నాట్లు వేసి, కలుపు తీసి, మిరపకాయలు కోసేవి. ‘ఆడపిల్ల ఎప్పటికైనా ఆడపిల్లే’ అని, అక్కడి పిల్లే గాని ఇక్కడి పిల్ల కాదని శ్లేష చేస్తారు. కూతురు పుట్టింట్లో పాహుణి, అత్తవారింట్లో పరాయిది. మరి ఆమె ఇల్లు ఏది అన్న ప్రశ్నకు శ్లేషలో జవాబు లేదు.

పెండ్లి ప్రసంగము

కాపరి నోటినుండి అన్యులు సైతము విధిగా వినే ప్రసంగము పెండ్లి ప్రసంగమే. అక్కడ మనము చెప్పేది ఒక కుటుంబమునకు పునాది అవుతుంది. కనుక ఈ విషయములో కొంచెము నిలిచి చూడవలసియున్నది.

సాధారణముగా ఒక హాస్యముతో మొదలవుతుంది. ‘బాబూ, ఈ రోజుతో నీ స్వాతంత్ర్యము పోయింది’ అనో, ‘ఇకనుండి ఇంట్లో హోం మినిస్టరు వచ్చేశారు’ అనో అంటారు. పందిరి అంతా నవ్వుతుంది, పెండ్లికుమార్తె తల దించుకొని చిరునవ్వు నవ్వుతుంది. నిజమునకు ఆ రోజు ఇల్లు, ఊరు, కొన్నిసార్లు ఉద్యోగము, ఇంటిపేరు విడిచి వస్తున్నది ఆమె. స్వాతంత్ర్యము పోయినదని ఓదార్పు పొందుతున్నది అతడు. ఆదికాండము 2:24 చదివితే తలిదండ్రులను విడిచేవాడు పురుషుడు. మన పందిరిలో ఆ వచనము చదువుతూనే ఆమెను సాగనంపుతాము.

తరువాత ఆదికాండము 2:18. అక్కడి హెబ్రీ పదములు ఎజెర్ కెనెగ్దో. మన తెలుగు అనువాదకులు దీనిని ‘సాటియైన సహాయము’ అన్నారు. ఇది చాలా మంచి అనువాదము. సాటి అంటే సమానమని ఏ పల్లెటూరి వారికైనా తెలుసు. వానికి సాటి ఎవరు అంటే వానితో తూగేవారెవరు అని అర్థము. కాని ప్రసంగములో సాటి జారిపోయి సహాయము ఒక్కటే మిగులుతుంది. సహాయము అనగానే లారీ డ్రైవరు ప్రక్కన క్లీనరు వంటి చిత్రము మన మనస్సులో ఉన్నది. పాత నిబంధనలో ఎజెర్ అను మాట ఎక్కువసార్లు దేవునికే వాడబడింది. మోషే తన కుమారునికి ఎలీయెజెరు అని పేరు పెట్టినది దేవుడు తనకు ఎజెర్ అయ్యాడనే (నిర్గమ. 18:4). కీర్తనలు 33:20లోనూ, 121:1-2లోనూ అదే మాట. యెహోవా ఇశ్రాయేలుకు సహాయము గనుక ఇశ్రాయేలుకు లోబడినవాడు అని ఎవరైనా వ్యాఖ్యానిస్తారా? ఒక విధముగా చూస్తే, ఎజెర్ తరువాత కెనెగ్దో చేర్చవలసి వచ్చినది ఆమె అతనికంటె పైది అనుకొనకుండా అతనికి సాటి అని చెప్పడానికే అని వాదించవచ్చును. వాదనను అంత దూరము లాగవలసిన పని లేదు. సాటి అన్న మాటను నొక్కి పలికితే చాలును.

సామెతలు 31వ అధ్యాయము పెండ్లిలో తప్పనిసరి. పదవ వచనములో ‘గుణవతి’ అని మనము చదివేచోట హెబ్రీలో ఏషెత్ హాయిల్ అని ఉన్నది. హాయిల్ అనగా బలము, శూరత్వము, సామర్థ్యము, ఆస్తి. సైన్యమునకు కూడా ఇదే మాట. ఈ ఒక్క మాటను మన అనువాదము ఎక్కడెక్కడ ఎలా చెప్పినదో విద్యార్థులు పదసూచికలో వెదకి చూడాలి. గిద్యోనును గూర్చి వచ్చినచోట అది పరాక్రమము, బలము అయింది (న్యాయా. 6:12). బోయజును గూర్చి వచ్చినచోట ఆస్తిపరుడు అయింది (రూతు 2:1). అదే బోయజు అదే మాటను రూతును గూర్చి అన్నచోట యోగ్యురాలు అయింది (రూతు 3:11). సామెతలలో గుణవతి అయింది. పురుషుని యొద్ద బలమూ సంపదా అయిన హాయిల్ స్త్రీ యొద్దకు వచ్చేసరికి నడవడిగా మారిపోయింది. మన అనువాదకులను నిందించడానికి ఇది చెప్పడము లేదు; ఇంగ్లీషులోనూ ఇదే జరిగింది. సాటి అని సరిగా పట్టుకొన్నవారే ఇక్కడ గుణవతి అన్నారంటే వాడుక ఎంత లోతుగా పనిచేస్తుందో తెలుస్తుంది.

ఆ అధ్యాయములోని స్త్రీ ఏమి చేస్తున్నదో కూడా చూడాలి. పొలము చూచి కొంటుంది (16వ వచనము). ద్రాక్షతోట నాటిస్తుంది. వ్యాపారము చేస్తుంది. మన ప్రసంగములలో ఆమె చీకటితోనే లేచి వంట చేయడము వినబడినంతగా పొలము కొనడము వినబడదు. పొలము విషయము చెప్పితే తరువాతి ప్రశ్న వస్తుంది: అది ఎవరి పేర రిజిస్టరు అయింది? క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము వీలునామా లేకుండా చనిపోయిన తండ్రి ఆస్తిలో కుమారునికీ కుమార్తెకూ భాగము సమానమే. కేరళలో తిరువాన్కూరు క్రైస్తవ స్త్రీలకు ఆ హక్కు 1986లో మేరీ రాయ్ గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో గాని రాలేదు. మనకు అటువంటి అడ్డంకి లేదు. మన జనులలో కొందరు ప్రభుత్వ రికార్డులలో ఏ మతము పేర ఉన్నా, ఈ రోజు ఏ చట్టము ప్రకారమైనా కుమార్తెకు వాటా ఉన్నది. అయినా తండ్రి సమాధి కార్యక్రమము ముగిసిన నెలలోపే అక్కచెల్లెండ్రచేత హక్కు విడుదల పత్రము మీద సంతకము పెట్టించడము విశ్వాసుల ఇండ్లలో కూడా జరుగుతుంది. ‘కట్నము ఇచ్చేశాముగా’ అన్నది దానికి కారణము. 1961 నుండి నేరమైన ఒక పని, 1925 నుండి ఉన్న ఒక హక్కును చెల్లుబెట్టేస్తుంది. ఆ కట్నమును నిశ్చయము నాడు ‘కానుక’ అని పిలిచినప్పుడు కాపరి అక్కడే కూర్చొని ప్రార్థన చేసి ఉంటాడు.

ఇక ఎఫెసీ 5:22. పెండ్లి పాఠము ఇక్కడే ఆరంభమవుతుంది. 46వ సంఖ్య గల పపైరసు ప్రతిలోనూ వాటికాను ప్రతిలోనూ ఈ వచనములో క్రియాపదమే లేదు. లోబడడము అన్న క్రియను 21వ వచనమునుండి తెచ్చుకోవాలి. 21వ వచనము ఒకరికొకరు లోబడడమును గూర్చినది. కాబట్టి 22 నుండి మొదలుపెట్టడము గ్రీకు వాక్యమును తల నరికి చదవడము వంటిది. 1 పేతురు 3వ అధ్యాయములో ఆరవ వచనము, అనగా శారా అబ్రాహామును యజమానుడని పిలవడము, అందరికీ కంఠస్థము. ఏడవ వచనములో భార్యలు జీవమను కృపావరములో భర్తలతో ‘పాలివారు’ అని ఉన్నది. పాలివారు అంటే తెలుగు దేశములో ఎవరికి తెలియదు? ఒకే తాత ఆస్తిలో వాటా ఉన్నవారు, గట్టు తగాదా పెట్టగలిగినవారు, వారి సంతకము లేనిదే పొలము అమ్మడానికి వీలుకానివారు. అనువాదకుడు ఇంత గట్టి మాట వాడితే మనము దానిని వదలి బలహీనమైన ఘటమును పట్టుకొన్నాము.

పని, లెక్క, జ్ఞాపకము

2019లో కేంద్ర గణాంక శాఖ జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటివారి కొరకు జీతము లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వెచ్చిస్తున్నట్లు తేలింది. అది కూడా ఆ పని చేసేవారి లెక్క మాత్రమే. అసలు ఆ పని ముట్టుకొనే స్త్రీలు నూటికి 81 మంది, పురుషులు 26 మంది.

ఈ లెక్కను పాస్టరు గారి ఇంటికి తెచ్చి చూడండి. సంఘము ఒకరికి జీతమిచ్చి ఇద్దరిచేత పని చేయించుకొంటుంది. పాస్టరమ్మ గారు ఆదివారపు బడి నడపాలి, స్త్రీల కూడికకు వాక్యము చెప్పాలి, రోగులను దర్శించాలి, వచ్చినవారందరికీ కాఫీ ఇవ్వాలి. ఆమె బి.డి. చదివినా సరే ఆమె పేరు ముందు వచ్చేది భర్త హోదాయే. పూర్వము బైబిలు స్త్రీలకు కొద్దిపాటి జీతమైనా ఉండేది. స్త్రీలు వంట చేసే ప్రతిసారీ దేవుని కొరకు తీసిపెట్టే పిడికెడు బియ్యము మన సంఘములలో ఎన్ని గోడలు లేపిందో పాత లెక్కల పుస్తకములు చెబుతాయి. ఆ బియ్యము అమ్మగా వచ్చిన సొమ్ము ఎలా ఖర్చుపెట్టాలో నిర్ణయించే కమిటీలో ఎందరు స్త్రీలు కూర్చున్నారో కూడా ఆ పుస్తకములలోని సంతకములే చెబుతాయి.

రోమా 16:1లో ఫీబే సంఘ పరిచారకురాలు. గ్రీకు మాట దియాకొనోస్. ఫిలిప్పీ 1:1లో అధ్యక్షులతోపాటు పేర్కొనబడిన పరిచారకులు కూడా అదే మాట. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ అనువాదము పురుషులకు డీకనులని, ఫీబేకు సేవకురాలని వ్రాసింది. మన తెలుగులో రెండుచోట్లా ఒకే పదము ఉన్నది. ఇక్కడ అనువాదములో లోపము లేదు. అయినా పరిచారకుడు అంటే కానుకల సంచి పట్టేవాడు, పరిచారకురాలు అంటే చాపలు దులిపే ఆమె అన్న అర్థము మన సంఘములలో స్థిరపడింది. మాట సరిగా ఉన్నంత మాత్రాన సరిపోదని ఇది చూపిస్తుంది.

తెలుగు బాప్తిస్టుల చరిత్రలో ఒంగోలు ప్రార్థన కొండను ఎరుగనివారు లేరు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ కొండ మీద ప్రార్థించినవారు అయిదుగురు: లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడు ఆ ప్రార్థనకు జవాబు వచ్చిందని మనవారు చెప్పుకొన్నారు. ఆ కథ చెప్పేటప్పుడు ‘జూయెట్ గారు, మరి కొందరు’ అని వినబడుతుంది. దొరసాని గారి సొంత పేరు ఎందరికి తెలుసు? అయిదువేలమందికి ఆహారము పెట్టిన సంగతిలో మత్తయి స్త్రీలనూ పిల్లలనూ లెక్కలో చేర్చలేదు, కాని చేర్చలేదన్న సంగతినైనా వ్రాశాడు (మత్త. 14:21). మన వార్షిక నివేదికలలో అది కూడా ఉండదు.

కొన్ని అభ్యంతరములు

‘ఇవన్నీ చిన్న సంగతులు, వీటికి ఇంత చర్చ ఎందుకు’ అంటారు. చిన్నవే. ఇప్పుడు సర్వేలోని ఆ ఏడు కారణములను మరల చదవండి. వంట సరిగా చేయకపోవడము, ఎదురు చెప్పడము, అత్తమామలను గౌరవించకపోవడము. ఇవి మన హాస్యములలోనూ, పెండ్లి హితబోధలోనూ, అమ్మ కూతురికి చెప్పే జాగ్రత్తలలోనూ ఉన్న సంగతులే. దెబ్బకు కావలసిన న్యాయశాస్త్రము ఈ చిన్న మాటలలోనే వ్రాయబడి ఉన్నది.

చెంప వాచి ఒక సహోదరి కాపరి ఇంటికి వచ్చినదనుకొందాము. ‘అసలు ఏమి జరిగిందమ్మా? నువ్వేమన్నావు?’ అన్నది సాధారణముగా మొదటి ప్రశ్న. అడిగినవారి మనస్సులో చెడ్డతనము లేదు, విషయము తెలుసుకొందామనే. కాని ఆమెకు వినబడేది వేరు: దెబ్బకు కారణము నీ మాటలో ఉండి ఉండాలి. ఆ ఎనభైమూడు శాతములో ఆమె కూడా ఒకతె అయితే ఆ ప్రశ్నకు జవాబు ఆమె యొద్ద సిద్ధముగా ఉన్నది, తప్పు ఒప్పుకొని ఇంటికి వెళ్ళిపోతుంది. తరువాత భర్తను పిలిపించి ‘ఆడపిల్ల మీద చెయ్యి చేసుకోవచ్చునా బాబూ, బలహీనమైన ఘటము కదా’ అంటారు. ఆమె పాలిభాగస్థురాలు గనుక కొట్టకూడదని కాదు, బలహీనురాలు గనుక కొట్టకూడదని. అతడు ఆ రాత్రి కొట్టకపోవచ్చును. 2005 చట్టము ప్రకారము ఆమె రక్షణాధికారిని ఆశ్రయించవచ్చునన్న సంగతి ఆ గదిలో ఎవరూ ఎత్తరు. ఎత్తితే కాపురము కూల్చిన కాపరి అనిపించుకొంటామని భయము.

పౌలు 1 కొరింథీ 14:34లోనూ 1 తిమోతి 2:12లోనూ చెప్పిన దానిని కొందరు అడుగుతారు. అదే కొరింథీ పత్రిక 11:5లో స్త్రీలు సభలో ప్రార్థించడమూ ప్రవచించడమూ జరుగుతున్నట్లే ఉన్నది గనుక 14వ అధ్యాయమును ఒంటరిగా చదవకూడదని ఈ రచయిత అభిప్రాయము. కాని ఆ చర్చ ముగిసేవరకు ఈ విషయమును ఆపవలసిన అవసరము లేదు. స్త్రీలకు అభిషేకము ఇవ్వకూడదని మనస్సాక్షిగా నమ్మే సహోదరుడు కూడా తన భార్యను నలుగురిలో మీరు అనవచ్చును, ఫీబే గారు అనవచ్చును, చెల్లెలి వాటా చెల్లెలికి ఇవ్వవచ్చును. వీటిలో దేనినీ పౌలు అడ్డుకోలేదు.

‘ఇది పాశ్చాత్యుల మాట’ అన్న అభ్యంతరమునకు ఎక్కువ జవాబు అవసరము లేదు. పాలివారు, సాటి అన్నవి పాశ్చాత్యుల మాటలు కావు.

ఆచరణ విషయమై రెండు సంగతులు మాత్రము. వివాహమునకు ముందు ఇచ్చే ఆలోచనలో వధూవరులను విడివిడిగా కాక ఒకేచోట కూర్చోబెట్టి, జీతము ఎవరి ఖాతాలో ఉంటుంది, ఆమె ఉద్యోగము మానవలసి వస్తే ఎవరు నిర్ణయిస్తారు, ఆమె తలిదండ్రులు ముసలివారైతే ఎవరు చూస్తారు, ఒకరినొకరు నలుగురిలో ఏమని పిలుచుకొంటారు అని అడగాలి. చివరి ప్రశ్నకు వరుడు నవ్వుతాడు. నవ్విన తరువాత జవాబు కూడా రాబట్టాలి.

రెండవది సంఘపు రిజిస్టరు. చాలాచోట్ల అందులో కుటుంబ యజమాని అన్న కాలము ఒకటి, దాని క్రింద భార్య, పిల్లలు అని ఉంటుంది. భర్త చనిపోయిన స్త్రీ ‘క్రీస్తుశేషులు ఫలానా వారి భార్య’గా మిగులుతుంది, బాప్తిస్మము పొందినప్పటి ఆమె పేరు, ఊరు, తండ్రి సంఘము వెదకినా దొరకవు. సెలోపెహాదు కుమార్తెలు ఆస్తి కొరకు మోషే యెదుట నిలువబడినప్పుడు, వారి పక్షమే న్యాయమని యెహోవా చెప్పిన సంగతి సంఖ్యాకాండము 27లో ఉన్నది. ఆ అయిదుగురి పేర్లను గ్రంథము సంఖ్యాకాండములో మూడుచోట్ల (26:33, 27:1, 36:11), యెహోషువలో మరొకచోట (17:3) పూర్తిగా వ్రాసింది. మన రిజిస్టరులో ప్రతి సభ్యురాలికి ఆమె సొంత పేరుతో ఒక వరుస, బాప్తిస్మపు తేదీ, వచ్చిన సంఘము, చదువు, ఆమె చేసే పని అని నాలుగు కాలములు చాలును. కొత్త పుస్తకము కొనవలసిన పని కూడా లేదు. స్కేలుతో గీతలు గీసుకొంటే సరిపోతుంది.